ఎన్నికల వేళ వలస వార్తలు: మాట, లెక్క, బొమ్మ, వేళ

1. నిప్పు లేని పొగ

పదో తరగతి పిల్లలకు నేను ఏటా చేసి చూపే ప్రయోగం ఒకటుంది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచిన గాజుకడ్డీని అమ్మోనియా సీసా మూతి దగ్గరకు తెస్తే దట్టమైన తెల్లని పొగ కమ్ముకుంటుంది. వెనక బెంచీల పిల్లలు కూడా లేచి నిలబడతారు. "నిప్పు ఎక్కడుందో చెప్పండి" అని అడుగుతాను. నిప్పు ఎక్కడా ఉండదు. కంటికి కనిపించని రెండు వాయువులు కలిసి అమ్మోనియం క్లోరైడ్ అనే లవణం సన్నని పొడిగా ఏర్పడింది, అంతే.

నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత. ఎన్నికల ప్రచార కాలంలో వలస వచ్చినవారి గురించి, శరణార్థుల గురించి వార్తలు వెల్లువెత్తినప్పుడు కూడా చాలామంది ఈ సామెతనే ఆశ్రయిస్తారు. "ఇంతమంది చెబుతున్నారంటే ఎంతో కొంత ఉండే ఉంటుంది కదా" అంటారు. కొన్ని వార్తల వెనక నిజంగా నిప్పు ఉంటుంది. మరికొన్నిటి వెనక భయం, ఓటు అనే రెండు వాయువులు మాత్రమే ఉంటాయి. ఏది ఏదో పోల్చుకోవడం ఎలాగన్నదే ఈ పాఠం విషయం.

ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డది అన్న చర్చ ఇక్కడ లేదు. ఉష్ణమాపకాన్ని చదివేవాడు ముందు అది సరిగా పనిచేస్తున్నదో లేదో చూసుకుంటాడు. మనం ఇక్కడ పత్రికలను, టెలివిజన్‌ను అలాగే పరీక్షిద్దాం. పరీక్షకు నాలుగు అంశాలు తీసుకుందాం: మాట, లెక్క, బొమ్మ, వేళ.

2. మాట: ఎవరిని ఏమంటున్నాం?

తరగతిలో ఒకసారి "మీ ఇంట్లో వలస వచ్చినవారు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను. ఒక్క చేయీ లేవలేదు. "మీ అమ్మగారు పుట్టిన ఊరు ఇదేనా?" అని అడిగితే సగానికి పైగా పిల్లలు కాదన్నారు. జనాభా లెక్కల ప్రకారం ఆ తల్లులందరూ వలసదారులే. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో వలసదారుల సంఖ్య సుమారు 45 కోట్లు. అందులో పెద్ద భాగం పెళ్లయి అత్తవారింటికి వెళ్లిన స్త్రీలు. ఈ నిర్వచనం చెప్పకుండా 45 కోట్ల సంఖ్యను మాత్రమే తెర మీద వేస్తే, దేశంలో మూడో వంతు కంటే ఎక్కువమంది మూటాముల్లె సర్దుకుని తిరుగుతున్నారని చూసేవారు అనుకుంటారు.

కాబట్టి మొదట మాటలను విడదీసుకోవాలి. బతుకుతెరువు కోసమో, చదువు కోసమో, పెళ్లి వల్లనో ఉన్న చోటు మారినవారు వలసదారులు. స్వదేశంలో జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం వంటి కారణాల వల్ల హింసకు గురవుతామన్న సహేతుకమైన భయంతో దేశం దాటినవారు శరణార్థులు. ఈ నిర్వచనం 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో ఉంది. ఆశ్రయం కోరి, నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నవారిది మరో వర్గం. యుద్ధం వల్లనో అల్లర్ల వల్లనో ఇల్లు వదిలినా దేశ సరిహద్దు దాటనివారు అంతర్గత నిర్వాసితులు. అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటినవారు ఇంకొక వర్గం.

1951 ఒడంబడికపై భారతదేశం సంతకం చేయలేదు. శరణార్థుల కోసం మనకు ప్రత్యేకంగా ఒక సమగ్ర చట్టమూ లేదు. అయినా 1959 తర్వాత టిబెటన్లకు, 1971లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన సుమారు కోటి మందికి, 1983 తర్వాత శ్రీలంక తమిళులకు ఈ నేల ఆశ్రయమిచ్చింది. చట్టం లేనప్పుడు మాటకు మరింత బలం వస్తుంది. ఒకే మనిషిని ఒక పత్రిక "శరణార్థి" అని, మరొక పత్రిక "చొరబాటుదారు" అని రాయవచ్చు. మొదటి మాట చదివినవారికి ఆకలి గుర్తొస్తుంది, రెండో మాట చదివినవారికి తుపాకీ గుర్తొస్తుంది. మనిషి మాత్రం ఒకడే.

"వరద", "వెల్లువ", "దండు" వంటి ఉపమానాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. వరదకు ముఖం ఉండదు, పేరుండదు. వరదను ఎవరూ ఆపి ప్రశ్న అడగరు, కట్ట కట్టడమే చేస్తారు.

3. లెక్క: సంఖ్య ఎక్కడిది?

విజ్ఞానశాస్త్రంలో ఒక కొలత చెప్పినప్పుడు దాన్ని ఎవరు, ఏ పరికరంతో, ఎప్పుడు కొలిచారో కూడా చెప్పాలి. ఎన్నికల సభలో వినిపించే సంఖ్యకు సాధారణంగా ఈ మూడూ ఉండవు.

మన హైదరాబాద్ ఉదాహరణే తీసుకుందాం. 2020 డిసెంబరు 1న మహానగర పాలక సంస్థ ఎన్నికలు జరిగాయి. 150 డివిజన్లు, సుమారు 74 లక్షల ఓటర్లు. ప్రచారంలో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాల ప్రస్తావన పెద్ద చర్చ అయింది. ఓటర్ల జాబితాలో వేలకు వేలుగా వారి పేర్లున్నాయని ఒక పక్షం అన్నది. 30 వేలు, 40 వేలు అన్న సంఖ్యలు చలామణి అయ్యాయి. కనీసం వెయ్యి పేర్లు చూపించండని అవతలి పక్షం సవాలు చేసింది. టీవీ తెర మీద సవాళ్లూ ప్రతిసవాళ్లూ పక్కపక్క పెట్టెల్లో రోజంతా నడిచాయి.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకుందాం. దేశం మొత్తంలో ఉన్న రోహింగ్యాలు సుమారు 40 వేలని 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. వారు జమ్మూ, ఢిల్లీ పరిసరాలు, హర్యానా, రాజస్థాన్, హైదరాబాద్ వంటి చోట్ల చెదిరి ఉన్నారు. హైదరాబాద్‌లో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ వద్ద నమోదైనవారు కొద్ది వేలమంది. వారిలో పిల్లలూ ఉన్నారు. నగర ఓటర్ల జాబితాలోనే 40 వేలమంది ఉండాలంటే, దేశంలోని రోహింగ్యాలందరూ ఈ ఒక్క నగరానికే వచ్చి ఉండాలి, చంటిబిడ్డలకు కూడా పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. ఒకవేళ ఆ 40 వేలు నిజమే అనుకున్నా, 74 లక్షల్లో అది నూటికి అర వంతు. జాబితాలో ఒక్క అనర్హుడి పేరున్నా దాన్ని తీసేయవలసిందే, అందులో సందేహం లేదు. అయితే "పేర్లున్నాయా, ఎన్ని ఉన్నాయి, ఏ పోలింగ్ కేంద్రంలో ఉన్నాయి?" అన్నది తనిఖీ చేయగలిగిన ప్రశ్న. ఓటర్ల జాబితా బహిరంగ పత్రం. దాన్ని తెరిచి చూడడం కంటే రెండు గొంతులను ఎదురెదురుగా కూర్చోబెట్టడం తేలిక కాబట్టి చాలా చానెళ్లు తేలిక పనినే ఎంచుకున్నాయి.

ఆ ఎన్నికకు సుమారు ఏడు వారాల ముందు, అక్టోబరు మధ్యలో, నగరం వానలకు మునిగింది. కాలనీలకు కాలనీలు నీళ్లలో ఉన్నాయి, ప్రాణాలు పోయాయి. నాలాలు, చెరువుల ఆక్రమణలు, వరద సాయం ఆ పాలక సంస్థ పరిధిలోని ప్రశ్నలు. విదేశీయుల గుర్తింపు ఆ సంస్థ పని కాదు. కానీ చివరి పది రోజుల్లో తెర మీద దేనికి ఎంత చోటు దొరికిందో ఆనాటి ప్రేక్షకులకు గుర్తుండే ఉంటుంది. పొగ మరొక నష్టం కూడా చేస్తుంది. వెనక ఉన్న వస్తువులను కనబడనీయదు.

పెద్ద సంఖ్యల విషయంలోనూ ఇదే జరుగుతుంది. దేశంలో 1 కోటి 20 లక్షల మంది అక్రమ బంగ్లాదేశీయులున్నారని 2004లో కేంద్ర సహాయమంత్రి పార్లమెంటులో చెప్పారు. అందులో 50 లక్షలు అస్సాంలోనేనన్నారు. కొద్ది రోజులకే, అస్సాం గురించి చెప్పింది విన్నమాటల ఆధారంగా చెప్పినదేనని వివరణ ఇచ్చారు. 2016లో మరో సహాయమంత్రి రాజ్యసభలో 2 కోట్లన్నారు. 2001 జనాభా లెక్కల్లో తమ పూర్వ నివాసం బంగ్లాదేశ్ అని చెప్పినవారు సుమారు 30 లక్షలు. పత్రాలు లేనివారు నిజం చెప్పరు కాబట్టి ఈ 30 లక్షలు తక్కువ లెక్క అయి ఉండవచ్చు. అలాగని 1 కోటి 20 లక్షలకూ, 2 కోట్లకూ కొలత పద్ధతి ఏమిటో ఎవరూ చూపలేదు. కొలత తెలియని సంఖ్యను కొలతలా వాడకూడదన్నది ప్రయోగశాలలో మొదటి నియమం. పత్రికలు మాత్రం 2 కోట్లను శీర్షికగా వేశాయి, వివరణలను లోపలి పేజీకి పంపాయి.

ఇంకొక పొరపాటు, తొట్టికీ కుళాయికీ తేడా తెలియకపోవడం. తొట్టిలో ఎన్ని నీళ్లున్నాయన్నది ఒక ప్రశ్న, కుళాయి నుంచి గంటకు ఎన్ని వస్తున్నాయన్నది మరొకటి, అడుగున బెజ్జం నుంచి ఎన్ని పోతున్నాయన్నది ఇంకొకటి. అమెరికా దక్షిణ సరిహద్దులో 2023 ఆర్థిక సంవత్సరంలో సుమారు 24 లక్షల 70 వేల "ఎదురుపాట్లు" నమోదయ్యాయి. అవి సంఘటనల లెక్క, మనుషుల లెక్క కాదు. ఒకే మనిషిని వెనక్కి పంపాక మళ్లీ వస్తే రెండుసార్లు లెక్కిస్తారు. పట్టుబడినవారిలో వెనక్కి పంపినవారూ ఉంటారు. ప్రచారంలో మాత్రం అది "ఇంతమంది వచ్చి స్థిరపడ్డారు" అన్న అర్థంతో తిరిగింది.

ఇటీవలి దేశీయ ఉదాహరణ 2025 నాటి బీహార్ ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ. 7 కోట్ల 89 లక్షల పేర్లున్న జాబితా ఆగస్టు 1 ముసాయిదాలో 7 కోట్ల 24 లక్షలకు తగ్గింది. తగ్గిన 65 లక్షల్లో సుమారు 22 లక్షలు మరణించినవారు, 36 లక్షలు శాశ్వతంగా వెళ్లిపోయినవారు లేదా ఇంటి దగ్గర కనబడనివారు, 7 లక్షలు ఒకటి కంటే ఎక్కువ చోట్ల నమోదైనవారు అని ఎన్నికల సంఘం వర్గీకరించింది. ఈ వర్గీకరణలో "విదేశీయులు" అన్న గడి లేదు. కానీ అదే కాలంలో ప్రచార వేదికల మీదా చర్చా కార్యక్రమాల్లోనూ చొరబాటుదారుల మాటే ముందు నడిచింది. పనికోసం సూరత్‌కో, హైదరాబాద్‌కో వెళ్లిన బీహారీ కూలీ ఇంటి దగ్గర కనబడక పేరు పోగొట్టుకుంటే, అది వలస గురించిన వార్తే. ఆ వార్తకు తెర మీద తక్కువ చోటు దొరికింది. తొలగించిన పేర్లను కారణాలతో సహా ప్రకటించాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. సెప్టెంబరు 30 నాటి తుది జాబితాలో 7 కోట్ల 42 లక్షల పేర్లున్నాయి.

4. అస్సాం పాఠం

లెక్కా మాటా గాడి తప్పితే ఏమవుతుందో తెలియాలంటే అస్సాం చరిత్ర చూడాలి. అక్కడ నిప్పు నిజంగానే ఉంది. బ్రిటిష్ కాలం నుంచి తూర్పు బెంగాల్ రైతులు బ్రహ్మపుత్ర లంకల్లో స్థిరపడుతూ వచ్చారు. దేశ విభజన తర్వాత, 1971 యుద్ధం తర్వాత మరింతమంది వచ్చారు. పొరుగున త్రిపురలో స్థానిక గిరిజనులు తమ సొంత గడ్డ మీదే అల్పసంఖ్యాకులయ్యారు. తమకూ అదే గతి పడుతుందేమోనని అస్సామీ ప్రజలు భయపడటం ఊహాజనితం కాదు. భాష, భూమి, ఉద్యోగాల గురించిన ఆ ఆందోళనను అపహాస్యం చేసే వార్త కూడా చెడ్డ వార్తే.

1978 అక్టోబరులో అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ శకధర్, ఈశాన్య రాష్ట్రాల ఓటర్ల జాబితాల్లో విదేశీయుల పేర్లు పెద్దఎత్తున చేరుతున్నాయని ఆందోళన వ్యక్తం చేశారు. 1979లో మంగళ్‌దాయ్ లోక్‌సభ సభ్యుడు మరణించడంతో ఉపఎన్నిక అవసరమైంది. జాబితా సవరణలో సుమారు 70 వేల అభ్యంతరాలు వచ్చాయి, వాటిలో 45 వేల దాకా సమర్థనీయమని తేలినట్లు వార్తలు వచ్చాయి. ఒక నియోజకవర్గపు జాబితా వివాదం నెలల్లో రాష్ట్ర ఉద్యమమైంది. 1980 జనవరి లోక్‌సభ ఎన్నికల్లో రాష్ట్రంలోని 14 స్థానాల్లో రెండింటికే పోలింగ్ జరగగలిగింది.

1983 ఫిబ్రవరిలో, పాత జాబితాలతోనే శాసనసభ ఎన్నికలు పెట్టారు. బహిష్కరించాలని ఒక వర్గం, ఓటు వేయకపోతే పౌరులం కామంటారేమోనని మరో వర్గం. ఫిబ్రవరి 18 ఉదయం నెల్లీ పరిసర గ్రామాలను చుట్టుముట్టి, కొద్ది గంటల్లో అధికారిక లెక్క ప్రకారమే 1,800 మందికి పైగా ప్రజలను చంపారు. మృతుల్లో ఎక్కువమంది బెంగాలీ మూలాలున్న ముస్లిం స్త్రీలు, పిల్లలు, వృద్ధులు. పరుగెత్తగలిగినవారు బతికారు, పరుగెత్తలేనివారు పోయారు. ఆ చుట్టుపక్కల ఉన్న కొద్దిమంది విలేకరులు కంటితో చూసి రాసినందువల్లనే ప్రపంచానికి ఆ సంగతి తెలిసింది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఏళ్ల తరబడి "విదేశీయులు" అన్న ఒకే మాటలో 1920లలో వచ్చినవారి మనుమలనూ, నిన్న వచ్చినవారినీ కలిపి చెప్పడం జరిగింది. దాడికి వచ్చినవారు పత్రాలు అడగలేదు. రెండోది, ఘటన జరిగిన చోట విలేకరి ఉండడానికీ లేకపోవడానికీ ఎంత తేడా ఉంటుందో నెల్లీ చూపింది. స్టూడియో చర్చ ఎంత వాడిగా ఉన్నా ఆ లోటు తీర్చలేదు.

1985 ఆగస్టు 15న అస్సాం ఒప్పందం కుదిరింది, 1971 మార్చి 24 అర్ధరాత్రి గీటురాయి అయింది. 2019 ఆగస్టు 31న ప్రచురించిన పౌర పట్టికలో 3 కోట్ల 30 లక్షల దరఖాస్తుదారుల్లో 19,06,657 మందికి చోటు దొరకలేదు. ఏళ్లుగా చెబుతున్న సంఖ్య కంటే అది చాలా తక్కువని కొందరికి అసంతృప్తి, తండ్రి పేరుండి కొడుకు పేరు లేకపోయిందని మరికొందరికి దుఃఖం. ఆ 19 లక్షలమందినీ "విదేశీయులు" అని శీర్షిక పెట్టిన పత్రికలూ ఉన్నాయి. చట్టం మాత్రం అలా అనలేదు. వారికి ట్రిబ్యునల్‌లో అప్పీలు చేసుకునే హక్కు ఉంది. తీర్పు రాకముందే ముద్ర వేయడం ఏ వార్తకూ తగదు.

5. బొమ్మ: ఎక్కడ తీసినది, ఎక్కడ చూపినది?

2016 జూన్ 23న బ్రిటన్‌లో యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అన్న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. దానికి వారం ముందు ఒక ప్రచార చిత్రం విడుదలైంది. పచ్చని పొలాల మధ్య కనుచూపు మేర సాగిన మనుషుల బారు, పైన సహనం తెగిపోతున్నదన్న అర్థంలో పెద్ద అక్షరాలు. ఫొటో నిజమైనదే. కాని అది బ్రిటన్ సరిహద్దు కాదు. 2015 అక్టోబరులో క్రొయేషియా నుంచి స్లొవేనియాలోకి నడిచి వస్తున్న శరణార్థులది. ఆ రెండు దేశాలకూ బ్రిటన్‌కూ మధ్య వెయ్యి కిలోమీటర్ల పైమాటే. పైగా స్లొవేనియాలోకి వచ్చినవారు అక్కడి నుంచి తనిఖీ లేకుండా బ్రిటన్‌కు వెళ్లే వీలు లేదు, ఎందుకంటే తనిఖీలు లేని షెంగెన్ ప్రాంతంలో బ్రిటన్ ఎన్నడూ చేరలేదు.

ఫొటోలో అబద్ధం లేకపోయినా, ఫొటోకూ శీర్షికకూ ఉన్న సంబంధంలో అబద్ధం ఉండవచ్చు. టెలిస్కోపులో దగ్గరగా కనిపించిన కొండ దగ్గరలో ఉన్నట్లు కాదు. దూరపు కటకంతో తీసిన ఫొటోలో మనుషుల మధ్య ఖాళీలు నొక్కుకుపోయి గుంపు మరింత దట్టంగా కనిపిస్తుంది. ఇది దృశాశాస్త్రం, ఎవరి కుట్రా కాదు. కాని చూసేవారికి ఈ సంగతి తెలియాలి. ఒక్క ఫొటో చూసినప్పుడల్లా ఎక్కడ, ఎప్పుడు, ఎంత దూరం నుంచి అన్న మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

6. వేళ: ఇప్పుడే ఎందుకు?

2018 అక్టోబరు రెండో వారంలో హోండురస్ దేశంలోని సాన్ పెడ్రో సూలా నుంచి వందలమంది కాలినడకన ఉత్తరానికి బయలుదేరారు. దారిలో వారు వేలయ్యారు. అమెరికాలో నవంబరు 6న మధ్యంతర ఎన్నికలు. అక్టోబరు చివరి వారాల్లో అమెరికా టీవీలో ఆ నడక ముఖ్య వార్త అయింది. దండయాత్ర అన్న మాట వాడారు, సరిహద్దుకు 5,000 మందికి పైగా సైనికులను పంపుతున్నట్లు ప్రకటించారు. వలసదారులను హంతకుడితో ముడిపెట్టిన ఒక ప్రచార ప్రకటనను పోలింగ్ ముందురోజు పెద్ద టీవీ సంస్థలే ఆపివేశాయి.

పోలింగ్ రోజున ఆ నడిచేవారిలో ఎక్కువమంది మెక్సికో నగరంలోని ఒక క్రీడా మైదానంలో సేదదీరుతున్నారు. సరిహద్దు ఇంకా ఎన్నో రోజుల ప్రయాణం. మరుసటి వారం వారు సరిహద్దుకు చేరువవుతున్న కొద్దీ వార్త మాత్రం చిన్నదయింది. నవంబరు చివర సరిహద్దు దగ్గర బాష్పవాయువు ప్రయోగించిన రోజున తిరిగి కొంత పెరిగింది. ప్రమాదం నిజంగా వారి రాకే అయితే, వారు దగ్గరవుతుంటే వార్త పెరగాలి. తగ్గిందంటే, వార్త పరిమాణం దూరాన్ని బట్టి కాక పోలింగ్ తేదీని బట్టి మారిందన్నమాట.

2024 సెప్టెంబరు 10న అమెరికా అధ్యక్ష అభ్యర్థుల చర్చలో, ఒహైయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో హైతీ వలసదారులు పెంపుడు జంతువులను తింటున్నారన్న ఆరోపణ వచ్చింది. అలాంటి నమ్మదగిన ఫిర్యాదు ఏదీ లేదని నగర అధికారులు తెలిపినట్లు కార్యక్రమ నిర్వాహకుడు అక్కడికక్కడే చెప్పారు. ఇది పాత్రికేయంలో మంచి ఉదాహరణ. అయినా తర్వాతి రోజుల్లో ఆ పట్టణానికి ముప్పైకి పైగా బాంబు బెదిరింపులు వచ్చాయి, బడులు ఖాళీ చేయించారు. ఆ పట్టణంలో నిజమైన సమస్యలున్నాయి. కొద్ది ఏళ్లలో వేలమంది చేరడంతో ఆసుపత్రులమీద, అద్దె ఇళ్లమీద ఒత్తిడి పెరిగింది. పిల్లికూనల కథ ఆ నిజమైన సమస్యలను కూడా మింగేసింది.

7. ఎందుకిలా జరుగుతుంది?

విలేకరులందరూ దురుద్దేశంతో రాస్తారని అనడం సరికాదు. పని తీరులోనే కొన్ని కారణాలున్నాయి. ప్రచార కాలంలో కెమెరాలు నాయకుల వెంట తిరుగుతాయి, బస్తీల్లోకి వెళ్లే తీరిక ఉండదు. నాయకుడి మాటను "ఆయన అన్నారు" అని వేస్తే తప్పు తమది కాదనుకుంటారు. రెండు పక్షాల మాటా వేశాం కాబట్టి సమతూకం వచ్చిందనుకుంటారు. బయట వాన పడుతున్నదని ఒకరు, లేదని మరొకరు అంటే ఇద్దరి మాటా వేయడం సమతూకం కాదు, కిటికీ తెరిచి చూడాలి.

మరో ముఖ్య కారణం, ఆ వార్తలోని మనిషికి ఓటు లేకపోవడం. శరణార్థికి ఆ దేశంలో ఓటుండదు, వలస కూలీకి ఉన్నచోట ఓటుండదు. కాబట్టి అతని మాట ఏ నాయకుడికీ అవసరం లేదు, అతను తిరిగి ప్రశ్నించలేడు. అతని గురించి పది నిమిషాలు సాగే కథనంలో అతని గొంతు పది సెకన్లు కూడా వినబడదు.

ఈ లోటు అవతలి వైపు కూడా కనిపిస్తుంది. పాలమూరు కూలీలు తరతరాలుగా ముంబై, పుణె నిర్మాణాల్లో పనిచేస్తున్నారు. ఎన్నికలొస్తే అభ్యర్థులు బస్సులు పెట్టి పిలిపించుకుంటారు, లేకపోతే ఓటు లేనట్లే. 2022 డిసెంబరులో ఎన్నికల సంఘం దేశీయ వలసదారులు ఉన్నచోటు నుంచే ఓటు వేసే యంత్రం గురించి ప్రతిపాదన తెచ్చింది. 2023 జనవరిలో పార్టీలతో చర్చించింది, చాలా పార్టీలు సందేహాలు వెలిబుచ్చాయి, విషయం అక్కడే ఉండిపోయింది. కోట్లమంది పౌరుల ఓటు హక్కుకు సంబంధించిన ఈ ప్రశ్న ఏ ఎన్నికల చర్చలోనూ ప్రధాన శీర్షిక కాలేదు.

8. మనమూ అవతలి గట్టున ఉన్నవారమే

కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగు కూలీలను "కొరంగీలు" అని పిలిచేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మీయులకూ మధ్య పని విషయంలో మొదలైన గొడవ ఘోరమైన అల్లర్లుగా మారింది. 1942లో జపాన్ దాడి వల్ల, 1962 సైనిక పాలన తర్వాత మరోసారి మనవాళ్లు కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు ఆ జ్ఞాపకమే. 2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఒక తెలుగు ఇంజనీరును "మా దేశం విడిచి పొండి" అంటూ కాల్చి చంపారు. కాల్చినవాడు ఆయనను ఇరాన్ దేశస్థుడనుకున్నాడు.

2024 నాటికి ప్రపంచంలో పుట్టిన దేశం విడిచి మరో దేశంలో ఉంటున్నవారు సుమారు 30 కోట్లు, అంటే నూటికి నలుగురికంటే తక్కువ. దేశాలవారీగా చూస్తే వారిలో అందరికంటే ఎక్కువమంది భారతీయులే. ఒక దేశంలో వలసదారు గురించి రాసిన అబద్ధం మరో దేశంలో మన ఇంటి తలుపు తట్టవచ్చు.

9. నియమాలు ఏమంటున్నాయి?

మన చట్టాలు మౌనంగా లేవు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123(3ఎ) ప్రకారం మతం, జాతి, కులం, భాషల ఆధారంగా పౌరుల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం అవినీతికర చర్య. 125వ సెక్షన్ ప్రకారం అది మూడేళ్ల దాకా జైలుశిక్ష పడగల నేరం. ఎన్నికల వార్తల విషయంలో ద్వేషాన్ని పెంచే కథనాలకు దూరంగా ఉండాలని ప్రెస్ కౌన్సిల్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇటలీ పాత్రికేయులు 2008లో వలసదారుల, శరణార్థుల వార్తల కోసం "రోమ్ నియమావళి" అనే ప్రత్యేక నియమాలు రాసుకున్నారు. అందులో మొదటి సూత్రం చట్టపరంగా సరైన పదం వాడమని. మన భాషా పత్రికలకూ అటువంటి పదకోశం ఒకటి ఉంటే ఎంతో మేలు.

10. సారాంశం

వలస మంచిదనో చెడ్డదనో ముందే తీర్పు చెప్పే వార్త మనకు అక్కరలేదు. సమస్య ఉంటే దాని కొలత, కారణం, పరిష్కారం చెప్పే వార్త కావాలి. ఎన్నికల కాలంలో ఇటువంటి కథనం మీ ముందుకు వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోండి:

అ) ఇందులో వాడిన పదం ఎవరిని సూచిస్తున్నది? వేర్వేరు వర్గాలను ఒకే మూటలో కట్టారా?
ఆ) సంఖ్య ఎవరు లెక్కించారు? మొత్తంలో అది ఎన్నో వంతు? అది తొట్టి లెక్కా, కుళాయి లెక్కా?
ఇ) ఈ బొమ్మ ఎక్కడిది, ఎప్పటిది?
ఈ) పోలింగ్ ముగిశాక కూడా ఈ వార్త ఉంటుందా?
ఉ) ఎవరి గురించి చెబుతున్నారో వారు ఇందులో మాట్లాడారా?
ఊ) ఈ వార్త వచ్చినందువల్ల ఏ వార్త కనబడకుండా పోయింది?

ఇంటి పని: వచ్చే ఎన్నికల్లో ఒక పత్రికను, ఒక టీవీ బులెటిన్‌ను తీసుకుని, పోలింగ్‌కు ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు వలస వార్తలను రోజువారీగా లెక్కించండి. అడ్డం గీత మీద తేదీలు, నిలువు గీత మీద వార్తల సంఖ్య వేసి రేఖాచిత్రం గీయండి. పోలింగ్ మరునాటి నుంచి గీత ఒక్కసారిగా కిందికి పడితే దానికి కారణమేమై ఉంటుందో మీ ఇంట్లో పెద్దలతో చర్చించండి. గీత పడకపోతే, ఆ పత్రికకు ఒక ఉత్తరం రాసి అభినందించండి. పొగను చూడగానే పరుగెత్తకుండా నిప్పెక్కడుందో వెతికిన విలేకరికి అది దక్కవలసిన గౌరవం.